కనిపించని గాలిని రంగు ఎలా పట్టిస్తుంది?

2018 జులై 12న అనంతపురం జిల్లా తాడిపత్రి దగ్గరి గెర్డావ్ ఉక్కు కర్మాగారంలో ఆరుగురు కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. రోలింగ్ మిల్లులో కార్బన్ మోనాక్సైడ్ లీకైంది. ఆ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. గొంతు మండదు, కళ్లలో నీళ్లు రావు, దగ్గు కూడా రాదు. పక్కవాడు కుప్పకూలేదాకా గాలిలో తేడా ఉందని తెలియదు.

ఇలాంటి వార్త చదివినప్పుడు ఎవరికైనా ఒక అనుమానం వస్తుంది. కంటికి కనపడని దాన్ని కనపడేలా చేసే ఉపాయమేదీ లేదా? ఉంది, అదీ నూరేళ్లు పైబడిన ఉపాయం. ఫలానా వాయువు తగిలితే రంగు మారే రసాయనాన్ని కాగితం మీదో, గాజు గొట్టంలోనో పెట్టుకుని ఆ రంగును చదవడం. దానికి కరెంటు అక్కర్లేదు, పెద్ద చదువూ అక్కర్లేదు. కాకపోతే అదెలా పనిచేస్తుందో తెలియకుండా నమ్ముకుంటే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే నింపాదిగా మొదలుపెడదాం.

ఉక్కు తయారయ్యే చోట ఈ విషవాయువు ఎందుకుంది?

పొరపాటున పుట్టింది కాదు, కావాలని పుట్టించిందే. ఇనుప రాయిలో ఇనుము ఆక్సిజన్‌ను గట్టిగా పట్టుకుని ఉంటుంది. ఆ పట్టు విడిపిస్తేనే లోహం దక్కుతుంది. బ్లాస్ట్ ఫర్నేస్‌లో కోక్ బొగ్గు ఎక్కువగా, గాలి దానికి చాలీచాలకుండా ఉండేలా మండిస్తారు. అప్పుడు పుట్టే కార్బన్ మోనాక్సైడ్‌కు ఇంకో ఆక్సిజన్ కావాలి. రాయిలోని ఆక్సిజన్‌ను లాక్కుని అది కార్బన్ డయాక్సైడ్ అవుతుంది, ఇనుము మిగులుతుంది. లాక్కునే వీలు దొరకని మోనాక్సైడ్ కొలిమి పైనుంచి బయటికొస్తుంది. అలా వచ్చే గ్యాస్‌లో సుమారు నూటికి 20 నుంచి 28 పాళ్లు అదే. మండే గుణం ఉంది కనుక వృథా పోనివ్వరు. పైపుల్లో తీసుకెళ్లి, రోలింగ్ మిల్లులో ఉక్కు దిమ్మెలను మళ్లీ ఎర్రగా కాల్చే కొలిమికి ఇంధనంగా వాడతారు. ఎక్కడో ఫర్నేస్‌లో పుట్టిన వాయువు కమ్మీలు సాగదీసే షెడ్డుకు చేరేది ఈ దారిలోనే.

అనంతపురం అంటే కరువు, వేరుశనగ, ఎండిన బోర్లు అని తలచేవాళ్లకు ఈ కొలిమి కథ కొత్తగా ఉండొచ్చు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే మెట్ట సీమ ఇది. నీళ్లకు కొదవ గానీ రాయికి కొదవ లేదు. తాడిపత్రి చుట్టూ సున్నపురాయి, నాపరాయి. పడమట ఓబుళాపురం వైపు ఇనుప రాయి. అందుకే సిమెంటు, ఉక్కు, బండల పాలిషింగ్ ఇక్కడ వేళ్లూనాయి. చేను ఎండిన మనిషి కాంట్రాక్టు పనికి ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడతాడు. మబ్బు చూసి వాన చెప్పగలవాడు, మట్టి పిసికి పదును చెప్పగలవాడు. పైపులో ఏం పారుతోందో మాత్రం ఎవరో చెబితే తప్ప అతనికి తెలియదు.

మన ఒళ్లు దాన్ని పసిగట్టలేదా?

పసిగట్టలేదు. ఊపిరాడనట్టు మనకు అనిపించేది ముఖ్యంగా రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకున్నప్పుడు. మోనాక్సైడ్ పీలుస్తున్నప్పుడు ఆ డయాక్సైడ్ యథాప్రకారం బయటికి పోతూనే ఉంటుంది కాబట్టి ఉక్కిరిబిక్కిరి ఉండదు. లోపల జరిగేది వేరు. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌కన్నా రెండు వందల రెట్లకు పైగా గట్టిగా మోనాక్సైడ్‌ను పట్టుకుంటుంది. ఒకసారి అది కూర్చుంటే ఆక్సిజన్‌కు చోటు లేదు. తలనొప్పి, తల తిప్పడం, కాళ్లలో సత్తువ పోవడం, ఆపైన స్పృహ తప్పడం. కొన్నిసార్లు పడిపోయిన మనిషి ఒళ్లు పాలిపోదు సరికదా, ఎరుపుదేలి ఉంటుంది. ఎందుకంటే మోనాక్సైడ్ పట్టిన హిమోగ్లోబిన్‌ది నిగనిగలాడే ఎరుపు. ఆ లెక్కన రంగు మారే మొదటి సెన్సార్ మన రక్తమే. కాకపోతే అది చూపించేసరికి ఆలస్యమైపోతుంది.

కొలతల్లో చెప్పాలంటే, గాలి పది లక్షల పాళ్లలో వాయువు ఎన్ని పాళ్లుందో పీపీఎం చెబుతుంది. మన ఫ్యాక్టరీల చట్టం ఎనిమిది గంటల పనికి కార్బన్ మోనాక్సైడ్ సగటు పరిమితిని 50 పీపీఎంగా పెట్టింది. 200 దగ్గర రెండు మూడు గంటల్లో తలనొప్పి వస్తుంది. 1,200 దాటితే ప్రాణాపాయం కిందే లెక్క. 12,800 దగ్గర రెండు మూడు శ్వాసల్లో స్పృహ పోయి, ఒకటి నుంచి మూడు నిమిషాల్లో మనిషి పోతాడు. మరి ఫర్నేస్ గ్యాస్ నూటికి 20 పాళ్లంటే ఎంత? రెండు లక్షల పీపీఎం. ఈ అంకెను గుర్తుపెట్టుకోండి, ముందు దీంతో పనుంది.

బొగ్గు గనుల్లో ఈ పీడను కనిపెట్టడానికి బ్రిటన్ వాళ్లు కానరీ పిట్టలను పంజరంలో పెట్టుకుని దిగేవారు. పిట్ట చిన్నది, శ్వాస వేగం ఎక్కువ, కాబట్టి మనిషికన్నా ముందే సోలుతుంది. జాన్ స్కాట్ హాల్డేన్ అనే శాస్త్రవేత్త సలహా అది. ఆ పిట్టలకు అక్కడి గనులు చివరికి సెలవిచ్చింది 1986లో. మనిషి చంద్రుడి మీద నడిచి వచ్చిన పదిహేడేళ్లకు!

సరే, రంగు అసలు ఎందుకు మారుతుంది?

దీనికి జవాబు మన వంటింట్లోనే ఉంది. పసుపు నీళ్లలో సున్నం కలిపితే ఎర్రనీళ్లవుతాయి. పెళ్లికూతురికి దిష్టి తీసేది వాటితోనే, కాళ్లకు పారాణి పెట్టేదీ ఆ పసుపు, సున్నంతోనే. పసుపులో కర్కుమిన్ అనే పదార్థం ఉంటుంది. తెల్లటి వెలుగు పడినప్పుడు అందులోని ఊదా, నీలం వంతును అది మింగేస్తుంది. మింగగా మిగిలిన వెలుగు మన కంటికి పసుపుపచ్చగా కనపడుతుంది. సున్నం క్షారం. అది తగలగానే కర్కుమిన్ అణువు తన హైడ్రోజన్‌లో ఒకదాన్ని ప్రోటాన్‌గా వదులుకుంటుంది. దాంతో అణువులోని ఎలక్ట్రాన్లు మసలే తీరు మారుతుంది, వాటిని కదిలించడానికి ఇదివరకటికన్నా తక్కువ శక్తి చాలు. నీలంకన్నా ఆకుపచ్చ వెలుగుకు శక్తి తక్కువ. కాబట్టి ఇప్పుడు ఆకుపచ్చ వెలుగు కూడా మింగుడుపడుతుంది. మిగిలేది ఎరుపు. రంగు మారిందంటే అణువులో ఎలక్ట్రాన్ల కాపురం మారిందని అర్థం.

దీన్ని గాలి పరీక్షగా మార్చడం తేలిక. కాస్త పసుపును స్పిరిట్‌లో కలిపి, అందులో అద్దుడు కాగితం ముంచి నీడన ఆరబెట్టండి. దాన్ని కొంచెం తడిపి, ఇంటి బయట గాలి ఆడే చోట, అమ్మోనియా ఆవిరి వచ్చే సీసా మూతి దగ్గర పట్టుకోండి. ఎర్రబారుతుంది. సీసా దూరం జరిపి కాసేపు గాలికి ఉంచితే మళ్లీ పచ్చబడుతుంది. సున్నంతో వచ్చిన ఎరుపు అలా పోదు, ఎందుకంటే సున్నం ఎగిరిపోదు, అమ్మోనియా ఎగిరిపోతుంది. ఈ చిన్న తేడాలో పెద్ద విషయం ఉంది. కొన్ని రంగు కాగితాలు గాలి బాగుపడగానే పాత రంగుకు వస్తాయి. ఇప్పుడు గాలి ఎలా ఉందో అవి చెప్పగలవు గానీ గంట కింద ఏం జరిగిందో చెప్పలేవు. కొన్నిట్లో రంగు స్థిరపడిపోతుంది. జరిగినదానికి అవి సాక్ష్యం చెబుతాయి గానీ ఇప్పటి సంగతి చెప్పవు. కొనేముందు ఏ రకమో చూసుకోవాలి.

కార్బన్ మోనాక్సైడ్ ఆమ్లమూ కాదు, క్షారమూ కాదు కదా, దానికి ఏ కాగితం?

పసుపు దానికి పనికిరాదు నిజమే. మోనాక్సైడ్‌కు ఉన్న ఒక బలహీనత ఆక్సిజన్ మీది యావ. ఇనుప రాయి నుంచి ఆక్సిజన్ లాక్కునే ఆ గుణాన్నే దానికి ఎరగా వేస్తారు. పల్లాడియం క్లోరైడ్ అనే లవణాన్ని కాగితానికి పట్టిస్తారు. దాని మీదికి మోనాక్సైడ్ వస్తే అది తేమలోని నీటి నుంచి ఆక్సిజన్ తీసుకుని డయాక్సైడ్‌గా మారుతుంది. ఆ క్రమంలో పల్లాడియం తన లవణ రూపం వదిలి లోహపు పొడిగా మిగులుతుంది. లోహపు పొడి మెత్తగా ఉంటే నల్లగా కనపడుతుంది. లేత గోధుమ రంగు చుక్క బూడిద రంగుకు, తర్వాత నలుపుకు తిరుగుతుంది. చిన్న విమానాల కాక్‌పిట్‌లో ఇలాంటి చుక్క ఉన్న అట్టముక్క అంటించుకోవడం చాలాకాలంగా ఉన్న అలవాటు.

దీనికి రాగి లవణం జోడిస్తే ఇంకో సౌకర్యం. నల్లబడిన పల్లాడియంను రాగి మళ్లీ లవణంగా మారుస్తుంది, రాగిని గాలిలోని ఆక్సిజన్ బాగుచేస్తుంది. చుక్క నెమ్మదిగా తేరుకుంటుంది. మాలిబ్డినం లవణం జోడిస్తే నలుపుకు బదులు పసుపు నుంచి ఆకుపచ్చ మీదుగా నీలానికి మారుతుంది. నీలం చిక్కదనాన్ని బట్టి మోతాదు అంచనా వేయొచ్చు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా ప్రమాణాల సంస్థ తయారుచేసిన సూచిక గొట్టాల్లో వాడింది ఈ పద్ధతినే. స్పెయిన్‌లోని వలెన్సియా శాస్త్రవేత్తలు 2011లో రోడియం లోహపు సమ్మేళనంతో ఊదా నుంచి నారింజ పసుపుకు మారే పదార్థం చూపించారు. 50 పీపీఎం ప్రాంతంలోనే మార్పు కంటికి ఆనుతుంది, గాలి బాగుపడితే వెనక్కి తిరుగుతుంది. రోడియం ధర వింటే అది ఇంకా ప్రయోగశాల దాటి రాలేదెందుకో అర్థమవుతుంది.

ఎంత ఉందో కొలవాలంటే?

కాగితం "ఉంది" అంటుంది. గొట్టం "ఇంత ఉంది" అంటుంది. 1937 నుంచి జర్మనీ కంపెనీ డ్రేగర్ అమ్ముతున్న సన్నటి గాజు గొట్టాలు ఇప్పటికీ మన ఫ్యాక్టరీల సేఫ్టీ విభాగాల్లో కనిపిస్తాయి. రెండు కొసలూ విరిచి, ఒక కొసను చేతి పంపుకు తగిలించి నొక్కి వదిలితే ఒక్కో నొక్కుకు 100 మిల్లీలీటర్ల గాలి లోపలికి లాగుతుంది. లోపల తెల్లటి రసాయనం, అయొడిన్ పెంటాక్సైడ్. మోనాక్సైడ్ తగిలిన మేరకు దాని నుంచి అయొడిన్ విడివడి గోధుమ ఛాయ ఆకుపచ్చ మరక పడుతుంది. గొట్టం మీద గీతలుంటాయి. మరక ఏ గీత దాకా పాకిందో చదవడమే. ఇందులో తెలివి ఎక్కడుందంటే, రంగు చిక్కదనాన్ని అంచనా వేసే కష్టం కంటికి తప్పించి, పొడవు కొలిచే తేలిక పని అప్పగించడంలో. చిక్కదనం విషయంలో ఇద్దరు తగువు పడొచ్చు, గీత విషయంలో తగువు తక్కువ. అయినా నూటికి పదిహేను, ఇరవై అయిదు పాళ్ల తేడా మామూలే అనుకోవాలి.

ఒక్కో వాయువుకు ఒక్కో గొట్టం కొనాలి. ఏ వాయువు లీకైందో తెలియకపోతే? ఆ ప్రశ్నకు అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో కెనెత్ సస్లిక్ బృందం వేరే దారి పట్టింది. 2000 సంవత్సరంలో నేచర్ పత్రికలో అచ్చయిన వాళ్ల పద్ధతిలో ఒక్క చుక్క కాదు, రకరకాల రంగుల చుక్కల వరుసలు. ఒక్కో చుక్కకు ఒక్కో గుణం. ఒకటి ఆమ్లానికి మారుతుంది, ఇంకొకటి క్షారానికి, మరొకటి లోహాన్ని అంటిపెట్టుకునే వాయువులకు. ఏ ఒక్క చుక్కా నమ్మకంగా పేరు చెప్పలేదు. అన్నీ కలిసి వేసే ముగ్గు మాత్రం వాయువు వాయువుకూ వేరుగా ఉంటుంది. 2009లో ఆరు వరుసలు, ఆరు నిలువులుగా 36 చుక్కలతో, 19 రకాల పారిశ్రామిక విషవాయువులను ప్రాణాపాయ స్థాయి దగ్గర రెండు నిమిషాల్లోపు విడివిడిగా గుర్తుపట్టారు. రంగులు చదివింది మనిషి కన్ను కాదు, మామూలు కాగితాల స్కానర్. ఒక్కో చుక్కలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎంతెంత మారాయో 108 అంకెలుగా రాసుకుంది.

ఆ చుక్కల్లో ముఖ్యమైనవి పోర్ఫిరిన్లు. మన హిమోగ్లోబిన్ మధ్యలో ఇనుమును పట్టుకుని ఉండేది ఆ కుటుంబపు అణువే. వాయువు మన రక్తంలో ఎక్కడ కాటేస్తుందో సరిగ్గా ఆ చోటునే బయటికి తీసి కాగితం మీద పెట్టి కాటేయించారన్నమాట.

ఇవన్నీ అనంతపురం ఎండకు ఆగుతాయా?

అడగాల్సిన ప్రశ్న. సమాధానం అంత హాయిగా ఉండదు. గాజు గొట్టాల పెట్టె మీద 25 డిగ్రీలకు మించని చోట దాచమని రాసి ఉంటుంది. మే నెలలో ఇక్కడ నీడలోనే 40 దాటుతుంది. రేకుల షెడ్డులో, ఇనుప బీరువాలో పెట్టిన పెట్టె సంగతి చెప్పనక్కర్లేదు. రెండేళ్లు నిలవాల్సిన రసాయనం అంతకు ముందే చచ్చుబడొచ్చు. చచ్చుబడిన గొట్టం "గాలి బాగుంది" అనే చెబుతుంది. అది మౌనంగా ఉండటం కన్నా ప్రమాదం.

రెండోది తేమ. పల్లాడియం చుక్కకు నీరు కావాలని పైన చెప్పుకున్నాం. సముద్రపు ఒడ్డున తేమ ఎక్కువై ఇబ్బంది పెడుతుంది, ఈ మెట్టన తక్కువై ఇబ్బంది. బాగా ఎండిన గాలిలో చర్య మందగిస్తుంది. తేమను పట్టి ఉంచేందుకు కాల్షియం క్లోరైడ్ లాంటి లవణం కలుపుతారు గానీ, ఎండాకాలం మధ్యాహ్నాలను లెక్కలోకి తీసుకోకుండా చుక్క మీద పూర్తి భారం వేయకూడదు.

ఇక మోసపోయే దారులు. ఉక్కు ఫ్యాక్టరీలో ఎసిటిలీన్‌తో ఇనుము కోయడం రోజూ ఉండే పని. ఆ ఎసిటిలీన్‌కు కూడా మోనాక్సైడ్ గొట్టం రంగు మారుతుంది. హైడ్రోజన్ సల్ఫైడ్‌కు పల్లాడియం చుక్క నల్లబడుతుంది. సోడియం దీపాల పచ్చ వెలుగులో అన్ని రంగులూ ఒకేలా కనిపిస్తాయి, రాత్రి షిఫ్టులో ఇది నిజమైన సమస్య. ఎరుపు, ఆకుపచ్చ తేడా పోల్చలేని కళ్లు మగవాళ్లలో కొందరికి పుట్టుకతోనే ఉంటాయి. అలాంటివాడికి ఆకుపచ్చ మరక చదవమని ఇచ్చి, చూసి చెప్పలేదని నిందించి లాభం లేదు. ఫోన్ కెమెరాతో రంగు చదివే యాప్‌లు వస్తున్నాయి. పక్కనే తెలిసిన రంగుల పట్టీ పెట్టి ఫొటో తీస్తేనే వాటికి విలువ, లేకపోతే కెమెరా తనకు తోచినట్టు వెలుగు సర్దేస్తుంది.

ఛాతీ మీద రంగు మారే చుక్క ఉన్న అట్ట ఉంటే తాడిపత్రిలో ఆ ఆరుగురూ బతికేవారా?

బతికి ఉండకపోవచ్చు. ఆ రెండు లక్షల అంకెను ఇప్పుడు బయటికి తీయాలి. పైపులోని గ్యాస్ పది రెట్లు గాలితో పలచబడినా 20,000 పీపీఎం. చుక్క నల్లబడి కంటపడటానికి కాస్త సమయం కావాలి, మనిషి కూలడానికి రెండు మూడు శ్వాసలు చాలు. ఇంత చిక్కటి గ్యాస్ పారే చోట పనిచేసేది చెవికి వినపడే అలారం. ఎలక్ట్రోకెమికల్ సెన్సార్‌లో మోనాక్సైడ్ ఎలక్ట్రోడు మీద ఆక్సీకరణం చెంది, తన మోతాదుకు తగ్గ కరెంటు పుట్టిస్తుంది. గీత దాటగానే కూత వస్తుంది. మనిషి దాని వైపు చూడాల్సిన పని లేదు.

రంగుకు ఉన్న అసలు లోపం ఇదే. దాన్ని చదవడానికి మేలుకున్న కన్ను కావాలి, అదీ సరిగ్గా అటే చూస్తున్న కన్ను. 2020 మే 7న తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీద పడ్డప్పుడు జనం నిద్రలో ఉన్నారు. గోడకు ఎన్ని రంగు కాగితాలు అంటించినా ఎవరు చూస్తారు? కంపెనీలో సైరన్లు ఉండి కూడా మోగించలేదని ప్రభుత్వం వేసిన ఉన్నత స్థాయి కమిటీ తేల్చింది. అక్కడ కొరవడింది కొత్త సెన్సార్ కాదు.

అలాగని రంగు కాగితాన్ని తీసిపారేయలేం. దాని చోటు వేరు. షట్‌డౌన్ తర్వాత పైపు విప్పబోయే ముందు, కొలిమి గదిలోకి మనిషి తల దూర్చే ముందు, బయట నిలబడి పంపుతో లాగి చదవడానికి గొట్టం అక్కరకొస్తుంది. ఏ ఫ్లాంజి దగ్గర, ఏ వాల్వు దగ్గర గ్యాస్ సన్నగా కారుతోందో వారాల తరబడి కనిపెట్టడానికి చుక్క కాగితం పనికొస్తుంది. మీటరు కొనలేని చిన్న వర్క్‌షాపులకు, జనరేటర్ నడిచే దుకాణాలకు, గ్యాస్ గీజరు బిగించిన ఇరుకు స్నానాల గదులకు ఏమీ లేకపోవడం కన్నా అది నయం. నన్నడిగితే కాగితాన్ని మనిషి ఛాతీకి తగిలించడం కన్నా మనిషి వెళ్లబోయే చోటుకు ముందుగా పంపడం సరైన వాడకం.

మరి బావిలో దీపం దించి చూస్తారు కదా, అది చాలదా?

పాత పద్ధతే గానీ సగం నిజమే చెబుతుంది. గాలిలో ఆక్సిజన్ 21 పాళ్ల నుంచి పదహారు పదిహేడుకు పడిపోతే దీపం ఆరుతుంది. కార్బన్ డయాక్సైడ్ నిండిన పాడు బావిని అది సరిగ్గానే పట్టిస్తుంది. మన మెట్ట ఊళ్లలో బోర్లు లోతుకు పోయేకొద్దీ చేదబావులు, దిగుడు బావులు ఎండిపోయాయి. పూడిక తీయడానికో, పడిపోయిన మోటారు పైకి తేవడానికో ఎవరో ఒకరు దిగుతారు. నీళ్లు తోడటానికి డీజిల్ ఇంజన్‌ను బావి లోపలి గట్టు మీదికి దించి నడిపితే దాని పొగలోని మోనాక్సైడ్ అక్కడే ఉండిపోతుంది. 1,500 పీపీఎంలో దీపం నిశ్చింతగా వెలుగుతుంది, మనిషి వెలగడు. పైగా మీథేన్ ఉన్న చోట దీపం దించడం అగ్గి రాజేయడమే.

తాడుకు పల్లాడియం చుక్క ఒకటి, సీసం ఎసిటేట్ పట్టించి తడిపిన కాగితం ఒకటి కట్టి దించి, కాసేపాగి పైకి లాగి చూడటం దీపంకన్నా ఎక్కువ సంగతి చెబుతుంది. సీసం ఎసిటేట్ కాగితం హైడ్రోజన్ సల్ఫైడ్ తగిలితే సీసం సల్ఫైడ్‌గా మారి గోధుమ రంగుకు, ఆపైన నలుపుకు తిరుగుతుంది. సెప్టిక్ ట్యాంకుల్లో, మురుగు మ్యాన్‌హోళ్లలో మనుషులను చంపేది ఎక్కువగా ఆ వాయువే. కుళ్లిన గుడ్ల కంపు వస్తుంది కాబట్టి తెలిసిపోతుందిలే అనుకుంటారు. 100 పీపీఎం దగ్గర అది ముక్కునే మొద్దుబారుస్తుంది. కంపు పోయిందంటే గ్యాస్ పోయిందని కాదు, పెరిగిందని కూడా కావొచ్చు. ముక్కుకు లేని ఓపిక కాగితానికి ఉంది.

అయితే ఈ కాగితాలు ఆక్సిజన్ తగ్గిందని చెప్పలేవు. కనుక దీపం చెప్పేది అవి చెప్పవు, అవి చెప్పేది దీపం చెప్పదు. ఆక్సిజన్, మండే వాయువులు, మోనాక్సైడ్, సల్ఫైడ్ నాలుగూ ఒకేసారి చూసే మీటరును తాడుతో దించడం, బ్లోయర్‌తో గాలి పంపడం సరైన పద్ధతి. సెప్టిక్ ట్యాంకులోకి, మురుగు కాలువలోకి రక్షణ లేకుండా మనిషిని దించడాన్ని 2013 నాటి చట్టం నేరంగానే చెప్పింది, కాగితం తెల్లగా ఉన్నా సరే.

రంగు మారితే ఏం చేయాలి?

ముందు బయటికి రావాలి, గాలి వీచే దిక్కుకు అడ్డంగా నడిచి. లోపల ఎవరైనా పడిపోయి ఉంటే ఉత్త చేతులతో వెనక్కి పరిగెత్తకూడదు. ఇలాంటి ప్రమాదాల్లో కాపాడబోయినవాళ్లే వరసగా పడిపోతారు. గాలి సిలిండరు, ముఖానికి బిగుతైన మాస్కు ఉన్నవాళ్లే దిగాలి. గుడ్డ మాస్కు, తడి తువ్వాలు మోనాక్సైడ్‌ను ఆపలేవు.

బయటికి తెచ్చినవాళ్లకు వీలైనంత త్వరగా ఆక్సిజన్ పెట్టించాలి. మామూలు గాలిలో రక్తంలోని మోనాక్సైడ్ సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది, మాస్కుతో శుద్ధమైన ఆక్సిజన్ ఇస్తే గంటన్నర లోపే. 108 వాళ్లకు, డాక్టరుకు "కళ్లు తిరిగి పడిపోయాడు" అని ఊరుకోకుండా గ్యాస్ అనుమానం ఉందని గట్టిగా చెప్పాలి. రంగు మారిన అట్టో, గొట్టమో చేతిలో ఉంటే అదీ చూపించాలి. ఎందుకంటే ఆసుపత్రిలో ముందుగా వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటర్ కూడా రంగు చదివే సాధనమే. ఎర్రటి వెలుగును వేలిలోంచి పంపి రక్తం ఎంత ఎర్రగా ఉందో చూస్తుంది. మోనాక్సైడ్ పట్టిన హిమోగ్లోబిన్ ఎరుపును అది ఆక్సిజన్ ఎరుపే అనుకుని, చావు బతుకుల్లో ఉన్న మనిషికి కూడా 98 అని చూపించగలదు. అప్పుడు రక్తం తీసి కో-ఆక్సీమీటర్‌తో మోనాక్సైడ్ శాతం కొలవమని డాక్టరుకు తట్టాలంటే మీరు చెప్పే ఆ ఒక్క మాట, చూపించే ఆ నల్లటి చుక్క కావాలి.